అంట్ల వంతు

ఈ మధ్య ఒక యువ అధ్యాపకుడు మా ఇంటికి వచ్చాడు. అతనూ, అతని స్నేహితులూ మొత్తం పది కుటుంబాలవాళ్ళు చంద్రగిరి అవతల రెండెకరాల నేల కొని, కలిసి ఇళ్ళు కట్టుకోవాలని సంకల్పించారు. ఎవరి ఇల్లు వారిదే. కాని వంటశాల ఒకటి, గ్రంథాలయం ఒకటి, బావి ఒకటి. వాననీరు బయటికి పోకుండా గుంటలు తవ్వుతారు. కరెంటు ఎండనుంచి తీసుకుంటారు. పదిళ్ళకు రెండు కార్లు చాలునంటారు. ఇటువంటి నివాసాలను పాశ్చాత్య దేశాలలో కోహౌసింగ్ అంటారని చెప్పి, ఆ అబ్బాయి నా అభిప్రాయం అడిగాడు.

"మేమందరం ఒకే విలువలు ఉన్నవాళ్ళం సార్. అదే మా పునాది" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాళ్ళ ప్రయత్నం నాకు నచ్చింది. తిరుపతి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లుగా మారి, ప్రతి ప్లాటుకూ ఒక ప్రహరీ, ప్రతి ప్రహరీలోనూ ఒక బోరు లేస్తున్న కాలంలో పదిమంది కలిసి ఒక్క బావి చాలునని అనుకోవడం చిన్న సంగతి కాదు. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ పునాది మాట. ఒకే విలువలు ఉన్నవాళ్ళతో కలిసి బతకడం ఎట్లా ఉంటుందో నేను ఒకసారి చూశాను. ఆ సంగతి చెప్పకుండా అతనికి ఏ సలహా చెప్పినా అది నిజాయితీ అనిపించుకోదు.

1974లో నేను వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చదువుతున్నాను. హాస్టలు ఖర్చు భరించలేని అయిదుగురం కొర్లగుంటలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇంటాయన మొదట అడిగింది మా పేర్లు కాదు, కులం. ముందు నిలబడ్డవాడు తన కులం చెప్పి, "అందరం ఒకటే" అన్నాడు. మాలో ఒకడు మాలపల్లెనుంచి వచ్చినవాడు. ఇంటాయనను మోసం చేశామన్న సంతోషం మాకు చాలాకాలం ఉండింది. కులాన్ని జయించామనే అనుకున్నాం. ఆ అబద్ధం బయటపడితే మాకు పోయేది ఇల్లు మాత్రమే, అతనికి చదువే పోతుంది. ఆ తేడా మాలో ఎవరికీ తోచలేదు.

మేమూ ఒకే విలువలు ఉన్నవాళ్ళమే. విరసం ఏర్పడి అప్పటికి నాలుగేళ్ళు. చదవని కరపత్రం లేదు, పాల్గొనని చర్చ లేదు. గోడకు మేకు కొట్టి లెక్కల పుస్తకం వేలాడదీశాం. బియ్యం, కందిపప్పు, కిరసనాయిలు పైసలతో సహా అందులో ఎక్కేవి. ఎవరిదగ్గర డబ్బు ఉంటే వాళ్ళు పెట్టేవాళ్ళు, లేనివాడిని అడిగేవాళ్ళం కాదు. వంట వంతులవారీగా సాగేది. అంట్లు తోమడం మాత్రం పుస్తకంలో లేదు. తీరిక ఉన్నవాడు తోముతాడని ఏదో అనుకున్నాం. తీరిక ఎప్పుడు చూసినా ఆ మిత్రుడికే ఉండేది.

రాత్రి భోజనాలయ్యాక మేము నలుగురం చాపమీద కూర్చుని వర్గ సంబంధాల గురించి వాదించుకుంటుంటే, అతను పెరట్లో పంపుదగ్గర బూడిదతో, కొబ్బరిపీచుతో గిన్నెలు తోముతుండేవాడు. మా వాదానికి అక్కడినుంచే గట్టిగా జవాబు చెప్పేవాడు. మాలో అందరికంటే బాగా చదివినవాడు అతనే. గొంతు వినపడుతున్నది కదా, అతనూ మాతోనే కూర్చున్నాడని మాకు భ్రమ.

ఆరు నెలలు గడిచాక ఒకరోజు అతను అంట్లు ముట్టలేదు. రెండో రోజూ ముట్టలేదు. మేము హోటల్లో తిని వచ్చాం. మూడో రోజు మాలో ఒకడు, "ఏం రా, ఒళ్ళు బాగలేదా?" అని అడిగాడు.

"నాకు బాగానే ఉండాది. బోకులు కడిగేది నా పనని మీరు ఎప్పుడూ చెప్పలా. నా పని కాదని నేనూ చెప్పలా. మా నాయన కత కూడా ఇట్లాంటిదే. ఊరికంతా నీళ్ళు పంచేది ఆయన. ఊరి బావిలో చేద ఎయ్యకూడనిది కూడా ఆయనే" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. మర్నాడే వంతుల పట్టిక రాసి గోడకు అంటించాం. అది రెండు వారాలు నడిచింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. అందరూ కలిసి, ఆ మిత్రుడితో సహా, సందు చివర ఉండే ఒకామెను పనికి పెట్టుకున్నాం. ఆమె జీతాన్ని అయిదుగురం సమానంగా భరించాం. సమస్య తీరిందని అప్పుడు అనుకున్నాం గాని, నిజానికి దాన్ని గుమ్మం బయటికి తోశాం, అంతే. ఆమె పేరు కూడా నాకిప్పుడు జ్ఞాపకం లేదు. ఏ నెల ఎంత కందిపప్పు వాడామో మాత్రం ఆ పుస్తకం దొరికితే చెప్పగలను.

ఆ వేసవిలో అతను నన్ను వాళ్ళ ఊరికి తీసుకుపోయాడు. మదనపల్లె దాటి కురబలకోట వైపు. వాళ్ళ నాయన ఆ ఊరి చెరువుకు నీరుగంటి. మన చిత్తూరు సీమలో పెద్ద నదులు లేవు. ఉన్న స్వర్ణముఖి, బాహుదా, పాపాఘ్ని వానకు పొంగి, వాన వెలిస్తే ఇసుక మిగిల్చి పోయేవి. ఇక్కడ వ్యవసాయం నిలబడింది చెరువుల మీద. ఒక చెరువు మొరవ పోతే ఆ నీళ్ళు వంకలో పడి కింది చెరువుకు చేరేట్లు, గొలుసుకట్టుగా కట్టారు మనవాళ్ళు. ఎవరికి ఎంత నీరు, ఏ తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడి తడిసింది, ఏది ఎండింది అన్నది చూసేవాడు నీరుగంటి.

ముసలాయన కట్టమీద నడుస్తూ నాకు అంతా వివరించాడు. చెరువు నిండిన ఏడు ఆయకట్టంతా నాట్లు వేస్తారు. సగం నిండితే ఎవరి నేలలో ఎంత భాగం సాగుచెయ్యాలో దామాషా లెక్కన ముందే తేలుస్తారు. కట్టకు ఆనుకున్న మడివాడికీ, కాలువ చివరి మడివాడికీ కోత ఒకటే. వంతు రాకముందు ఎవడైనా గట్టు తెగగొడితే తప్పు కట్టాలి. నీరుగంటికి కళ్ళంలో మేర కొలుస్తారు.

"నాకు ఈ చెరువు కింద గుంట నేల లేదు అయివోరా. ఉంటే నా మడికాడికే నీళ్ళు ముందు పోతాయని అనుమానం వస్తాది గదా. నాకు లేదు గాబట్టి నా మాట నమ్మతారు" అన్నాడాయన.

ఆ మాట విని నేను అప్పుడు పొంగిపోయాను. నిష్పక్షపాతం అంటే ఇది గదా అనుకున్నాను. ఊరికి తిరిగివచ్చాక గాని ఆ మాట నాకు పూర్తిగా వినపడలేదు. నేల లేకపోవడమే అతని అర్హత. మన ప్రాంతంలో చాలాచోట్ల నీరుగంటి పని తరతరాలుగా దళిత కుటుంబాలదే. అందరి పంటకూ నీళ్ళు చూసేవాడికి పంట లేదు, తాగే నీళ్ళ బావి దగ్గరికి రానివ్వరు. ప్రకృతిని పాడుచెయ్యకుండా, ఉన్నదాన్ని తరతరాలకు సరిపెట్టుకునే పద్ధతిని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ పద్ధతి మనకు ఉండింది. దాన్ని మొయ్యడానికి ఒక కులం కూడా ఉండింది. ఆ రెండో సంగతి వదిలి మొదటిదాన్ని మాత్రమే పొగడటం చరిత్రకు అన్యాయం.

ఆ చెరువుల వెనక పెట్టుబడి ఎక్కడిదో కూడా చెప్పాలి. విజయనగర కాలంలో భక్తులు తిరుమల ఆలయానికి ఇచ్చిన డబ్బును దేవస్థానం గ్రామాలలో చెరువులు, కాలువలు బాగుచెయ్యడానికి పెట్టి, పెరిగిన పంటలో భాగాన్ని నైవేద్యాలకు వాడుకున్నదని శాసనాలు చెపుతున్నాయి. చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో దీన్ని గురించి ఒక వ్యాసం రాశాడు. దేవుడి ప్రసాదం కూడా చెరువు మట్టిలోంచే వచ్చిందన్నమాట. తరవాత ఇంగ్లీషువాళ్ళ కాలంలో, రైతులు మానుకుంటున్న చెరువు పనులను నిర్బంధంగా చేయించడానికి మద్రాసులో 1858లో చట్టమే చెయ్యవలసి వచ్చింది. 1997లో మన రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాలకు చట్టం వచ్చింది. అప్పటికే డబ్బున్న రైతులు బోర్లు వేసుకుని చెరువుతో సంబంధం తెంచుకున్నారు. బోరు ఉన్నవాడికి పక్కవాడి వంతుతో పనిలేదు. వంతు పోయినచోట నీరుగంటి పోయాడు. అతని నిరుద్యోగం గురించి ఎవరూ వ్యాసం రాయలేదు.

ఆ ఊరినుంచే మర్నాడు మేమిద్దరం ఋషివ్యాలీ చూడబోయాం. అక్కడికి దగ్గరే. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ప్రేరణతో వెలసిన విద్యాలయం అది. తనను జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంస్థను 1929లో తానే రద్దుచేసిన మనిషి ఆయన. ఉపాధ్యాయులూ పిల్లలూ ఒకేచోట ఉండి, కలిసి తిని, కలిసి చదువుకునే స్థలం. కలిసి బతకడం గురించి మన చిత్తూరు సీమలో ఇంత దీర్ఘకాలం సాగిన ప్రయత్నం మరొకటి నాకు తెలియదు.

మన పత్రికలలో ఋషివ్యాలీని ధనికుల బడి అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యడం అలవాటు. ఆ విమర్శలో నిజం ఉంది. రుసుము కట్టగలిగినవాళ్ళ పిల్లలే ప్రధానంగా అక్కడ చదువుతారు. గేటు దగ్గర నా మిత్రుడు నిలబడి లోపలి చెట్లను చూసి, "మా నాయన కట్ట తిరిగే ఊరికి ఇది నాలుగు మైళ్ళు. నేను మొదటిసారి చూడటం ఇదే" అన్నాడు. కాని కొన్నేళ్ళ తరవాత మళ్ళీ వెళ్ళినప్పుడు నేను చూసినదాన్ని దాచకూడదు. కరువు లోయలో వాననీటిని నిలబెట్టి, చెట్లు పెంచి, పశువుల మేతనుంచి కొండవాలును కాపాడి వాళ్ళు ఆ నేల ముఖం మార్చారు. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించుకున్నారు. చుట్టుపక్కల పల్లెల్లో ఒకే పంతులు, ఒకే గది ఉండే చిన్న బళ్ళు పెట్టి, పిల్లలు తమంతట తాము చదువుకునే కార్డుల పద్ధతిని తయారుచేశారు. ఆ పద్ధతినుంచే తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలు 2003 తరవాత తమ బోధనా విధానాన్ని మలచుకున్నాయి. గేటు లోపలి మంచి గేటు బయటికి వచ్చింది ఆ పల్లె బళ్ళ ద్వారా. లోపలి చెట్లకంటే నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

మనవాళ్ళ కమ్యూన్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 1940లలో విజయవాడలో కమ్యూనిస్టు పార్టీ కమ్యూన్ నడిచింది. ఆస్తులు పార్టీకి ఇచ్చి, ఒకే వంటింట తిని, జీతం పేరుతో నామమాత్రపు డబ్బు తీసుకుని పనిచేసినవాళ్ళు వాళ్ళు. ఆ త్యాగం గురించి మన పత్రికలు చాలా రాశాయి. 2012లో కొండపల్లి కోటేశ్వరమ్మగారు తన జీవితకథను ‘నిర్జన వారధి’ పేరుతో ప్రచురించారు. ఒంటిమీది నగలు ఉద్యమానికి ఇచ్చిన మనిషి ఆమె. భర్తనుంచి విడిపోయిన తరవాత, నడివయసులో మళ్ళీ చదువు మొదలుపెట్టి, కాకినాడలో హాస్టలు మేట్రనుగా ఉద్యోగం చేసి బతకవలసి వచ్చింది. 2018లో నూరేళ్ళ వయసులో కన్నుమూశారు. ఉమ్మడిలోకి వచ్చేటప్పుడు మనిషి ఏం తెచ్చిందో అందరం కొనియాడతాం. బయటికి పోవలసివస్తే ఏం తీసుకుపోతుందన్నది ముందుగా ఎవరూ రాసుకోరు. స్త్రీల విషయంలో అసలే రాసుకోరు.

ఆ యువమిత్రుడు చెప్పిన కోహౌసింగ్ గురించి కొంత చదివాను. అది డెన్మార్కులో పుట్టింది. యాన్ గుడ్‌మండ్ హోయర్ అనే వాస్తుశిల్పి 1964లో మొదటి ప్రయత్నం చేసి, ఇరుగుపొరుగువారి వ్యతిరేకత వల్ల విఫలమయ్యాడు. 1967లో బొదిల్ గ్రాయ్ అనే రచయిత్రి, పిల్లలు ఒక్క తల్లిదండ్రుల సొత్తుగా కాక పదిమంది చేతులమీద పెరగాలని పత్రికలో రాసింది. 1972లో సెట్టెడామెన్ అనే మొదటి నివాసం తయారైంది. అక్కడి పద్ధతిలో నన్ను ఆకర్షించింది ఉమ్మడి భోజనశాల కాదు. స్త్రీలూ పురుషులూ వంతు వేసుకుని వండటం, కడగటం. వంతు తప్పకపోతే ఒక్కొక్కరికి ఆ పని నెలలో కొద్ది రోజులే పడుతుంది. అయితే ఒక సంగతి మరవకూడదు. అక్కడ నెలకు కొద్ది డబ్బులిచ్చి అంట్లు తోమించుకుందామంటే మనుషులు దొరకరు. ఇక్కడ దొరుకుతారు. మన ఆదర్శాలన్నిటికీ ఈ చవక శ్రమే గొయ్యి తవ్వుతున్నది.

ఊహాజనిత సోషలిస్టులను ఎంగెల్స్ విమర్శించాడని మన విద్యార్థులందరికీ తెలుసు. ఓవెన్ 1825లో అమెరికాలో న్యూ హార్మొనీ పెడితే అది మూడేళ్ళయినా నిలవలేదు. చుట్టూ ఉన్న సమాజాన్ని వదిలి మంచివాళ్ళు నలుగురూ ఒక దీవి కట్టుకుంటే చాలదని ఎంగెల్స్ వాదన. దాన్ని నేను ఒప్పుకుంటాను. కాని ఆ మాట అడ్డం పెట్టుకుని, విప్లవం వచ్చేదాకా అంట్లు పనిమనిషే తోముతుందని కూర్చునేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఎంత గట్టిగా ఉన్నానో 2021లో తెలిసివచ్చింది.

ఆ ఏడు నవంబరులో తిరుపతిలో కుండపోత వాన. స్వర్ణముఖి ఒడ్డులు తెంచింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడి, కింది పల్లెలను ఖాళీచేయించారు. ఊళ్ళో వీధులు కాలువలయ్యాయి. కాలువలుండవలసిన చోట ఇళ్ళు ఉన్నాయి మరి. నేను ఉంటున్నది నాలుగంతస్తుల అపార్టుమెంటు. నేలమాళిగ నిండి మోటారు మునిగింది, లిఫ్టు ఆగింది, కరెంటు పోయింది. రెండు రోజులు మేము నిజంగా ఒక కుటుంబంలాగ బతికాం. గ్యాసు ఉన్నవాళ్ళు వండారు, యువకులు ముసలివాళ్ళకు మెట్లమీద నీళ్ళు మోశారు, ఎన్నడూ పలకరించుకోనివాళ్ళు ఒకే చాపమీద తిన్నారు. మూడో రోజు నీరు తీశాక సమావేశం జరిగింది. మోటారుకు ఎత్తయిన దిమ్మె కట్టాలని, గేటు దగ్గర అడ్డుగోడ లేపాలని తీర్మానించాం. తీర్మానం రాసింది నేను.

ఆ రాత్రి కిందికి దిగితే వాచ్‌మన్ భార్య మెట్లమీద కూర్చుని బురదపట్టిన పిల్లల పుస్తకాలు విప్పి ఆరబెడుతున్నది. వాళ్ళ గది నేలమాళిగలోనే. మోటారు ఉన్న గోడకు ఇవతల. ఆ రెండు రోజులూ మాకు మెట్లమీద నీళ్ళు మోసిన యువకులలో మొదటివాడు ఆమె భర్త. మోటారుకు దిమ్మె రాసినవాణ్ణి, మనుషులకు రాయలేదు. యాభై ఏళ్ళ కిందటి పంపు చప్పుడు నాకు మళ్ళీ వినపడింది.

మర్నాడు ఇంకొక సమావేశం పెట్టించాను. వాళ్ళ గదిని మిద్దెమీదికి మార్చడానికి ఖర్చు లెక్కవేస్తే ఇంటికి తగిలింది పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ముగ్గురు అభ్యంతరం చెప్పారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నాతోపాటు చాపమీద తిన్నవాళ్ళే. చివరకు తీర్మానం నెగ్గింది. ఆ సమావేశానికి వాచ్‌మన్‌ను పిలవాలని మాత్రం నాకు కూడా తోచలేదు.

అందువల్ల, ఆ యువ అధ్యాపకుడు మళ్ళీ వచ్చినప్పుడు నేను విలువల ప్రసక్తి తేలేదు. విలువలు మాకూ ఉండినవి. అతన్ని నాలుగు సంగతులు అడిగాను. డబ్బు లెక్కతోపాటు పని లెక్క కూడా పుస్తకంలో ఎక్కుతుందా? తోటపనికో, ఊడవడానికో మనిషిని పెట్టుకుంటే ఆ మనిషికి మీ సభలో ఓటు ఉంటుందా, మీ వంటశాలలో కంచం ఉంటుందా? ఎవరైనా విడిపోతే, ముఖ్యంగా భార్యాభర్తలు విడిపోతే, వాటా ఎట్లా తేలుతుంది? మీరు నిలబెట్టిన వాననీటిలో, గోడ అవతలి పల్లెకు వంతు ఉందా? 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకుంటే నియమావళి మీరే రాసుకోవచ్చు. ఈ నాలుగింటికీ జవాబులు అందులో రాయండి, పునాది అప్పుడు తవ్వండి అన్నాను.

అతను మూడింటికి తలూపాడు. రెండోదాని దగ్గర ఆగిపోయాడు. "ఓటంటే అందరూ ఒప్పుకోరు సార్" అన్నాడు.

"ఒప్పుకోకపోతే అసలు మనిషినే పెట్టుకోవద్దు. మీరే ఊడ్చుకోండి. రెండింటిలో ఏదైనా న్యాయమే."

అతను కాసేపు ఆలోచించి, మిగిలినవాళ్ళతో మాట్లాడతానన్నాడు. ఆ మాటలు ఇంకా జరుగుతున్నాయి. రెండు కుటుంబాలు తప్పుకున్నాయని విన్నాను. ఎనిమిది మిగిలారు. తప్పుకున్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. తప్పుకోకుండా లోపలికి వచ్చి మౌనంగా కూర్చునేవాళ్ళకంటే వాళ్ళు నయం.

పోయిన వారం అతను కాయితం ఒకటి తెచ్చి చూపించాడు. వంట, నీళ్ళు, తోట, అంట్లు, నాలుగు వరసలు. ఎనిమిది కుటుంబాల పేర్లు, మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ విడివిడిగా. ఒక గడి ఖాళీగా ఉంది.

"మీరు కూడా వస్తారా సార్?" అని అడిగాడు.

నాకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు సహకరించవు. కొత్తగా ఇల్లు కట్టుకునే స్తోమతూ లేదు. అవన్నీ చెప్పి, "అయినా వారానికొక రోజు బస్సెక్కి వచ్చి భోంచేస్తాను. ఆ రోజు అంట్ల వంతు నాది" అన్నాను.

అతను నవ్వి, సోమవారం గడిలో నా పేరు రాసుకున్నాడు.